బౌరో ఆపిన చప్పుడు

మా మరిది బౌరో మంచివాడు. కాకపోయుంటే ఎంత బాగుండేది! నాలుగు తిట్లు తిట్టి, నా ఖర్మ అనుకుని, చాప దులుపుకుని పడుకునేదాన్ని. మంచివాడు చేసిన పొరపాటుని తిట్టడానికి నోరు రాదు. అందులో సగం పాలు మనదే అయినప్పుడు అసలే రాదు.

వాడు కల్లుగీసే ఇయోబి కొడుకు. ఇయోబి మా ఆయనకి స్వయానా బాబాయి, నాకు మామయ్య. పొద్దున్నే ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి కొబ్బరిచెట్టెక్కి, పూపొత్తి చెక్కి, నిండిన సీసా దించి, పాడుతూ దిగేవాడు. గీసేవాళ్లందరూ పాడతారు. పైన మగమనిషి ఉన్నాడని కింద నూతి దగ్గర నీళ్లు పోసుకునే ఆడవాళ్లకి తెలియాలి కదా! కానీ మామయ్య పాటలు ఊరికే గొంతు సవరించుకోవడానికి పాడేవి కావు. తాతల నుంచి వచ్చినవి కొన్ని, తను కట్టినవి కొన్ని, మొత్తం నలభై రెండు. వాటికో వరస ఉంది. రోజూ రెండో మూడో పాడేవాడు గానీ, వరసంతా పాడేది కొడుక్కి పాటలు అప్పగించే రోజు ఒక్కసారే. వాళ్ల నాన్న అతనికి అలాగే అప్పగించాడట. మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. నేలమీద నేర్పకూడదు, చెట్టుమీదే నేర్పాలి. ఇది వాళ్లింటి కట్టుబాటు.

ఆ కట్టుబాటే బౌరో కొంప ముంచింది. వాడికి ఎత్తంటే భయం. తొమ్మిదో ఏట తండ్రి బలవంతాన ఎక్కిస్తే సగంలో చెట్టుని కావలించుకుని గుడ్లు తేలేశాడు. మామయ్య పైనుంచి దిగి, వాణ్ణి వీపున వేసుకుని దించాడు. ఊరంతా చుట్టూ చేరి పకపకా నవ్వింది.

"పీతలు కూడా కొబ్బరిచెట్లు ఎక్కుతాయి కదరా! నీకేమొచ్చిందిరా?" అన్నాడట మామయ్య.

ఆ రోజుతో వాడికి పాటలు రాసిపెట్టి లేవని తేలిపోయింది. ఒక్కడే కొడుకు. మరొకడికి నేర్పుదామంటే మామయ్యకి మనసొప్పలేదు. అలా ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. తండ్రి చెట్టు మీద, కొడుకు చెట్టు కింద. వాడు కింద కూర్చుని పడవ మోటారు విప్పుకుంటూ, తల వంచుకుని వినేవాడు. వింటున్నాడని మేమెవరం అనుకోలేదు.

చెవి మాత్రం తండ్రిదే. మోటారు పక్కన కళ్లు మూసుకుని కూర్చుని, ఏ మర వదులైందో చెప్పేవాడు. బెసో రేవు దగ్గర రేకుల షెడ్డు వేసుకుని మొదట మోటార్లు, తర్వాత రేడియోలు, తర్వాత కంప్యూటర్లు బాగుచేశాడు. సముద్రం మధ్య ఉన్న మా దీవిలో కంప్యూటరుకి వచ్చే జబ్బులన్నీ బయటినుంచే వస్తాయి. ఉప్పు, పగడపు దుమ్ము, బొద్దింక గుడ్లు. ఒకసారి మా బడి కంప్యూటర్లోంచి ఎండిపోయిన బల్లిని తీసి నా బల్లమీద పెట్టాడు.

"వదినా, మీ గుమాస్తా. జీతం లేక చచ్చిపోయినట్టున్నాడు" అన్నాడు.

నేను చర్చి బడి ఆఫీసులో టైపు చేసేదాన్ని. వాడు నన్ను ఆటపట్టించడం, నేను వాణ్ణి "నేలపీతా" అని పిలవడం రోజూ ఉండేదే. వదినామరుదులం, మాకు ఆ హక్కుంది.

రెండువేల ఎనిమిదిలో మామయ్య గొంతు బొంగురుపోయింది. కల్లు పడలేదన్నారు, పొగాకు పడలేదన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే స్వరపేటికలో పుండుందని తేలింది. వేరే దేశంలోని సువా ఆసుపత్రికి పంపిస్తామని, అక్కడ మొత్తం కోసి తీసేస్తారని, ప్రాణం ఉంటుంది గానీ మాట ఉండదని చెప్పారు. గురువారం విమానం. మేము ఆ మాట విన్నది అంతకుముందు శనివారం.

ఆదివారం ప్రార్థన అవగానే బౌరో మా ఇంటికొచ్చాడు. సీమపనస ముక్కలు పెడితే ముట్టుకోలేదు.

"వదినా, మీ ఆఫీసు కంప్యూటర్లో నాన్న పాటలు పట్టాలి. మైకు నేను తెస్తాను."

"ఆ రోట్లోనా? దాని గోల నీకు తెలీదా? నేను రోజూ తలనొప్పితో ఇంటికొస్తున్నా."

"ఇంకెక్కడ పట్టను? ఆ మధ్య టేపుల్లో పట్టిన నాలుగూ బూజుపట్టిపోయాయి. మైకు పెట్టడానికి చోటున్న కంప్యూటరు మన వైపు అదొక్కటే."

"మామయ్య ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు. చెట్టెక్కలేని కొడుకు ఉన్నప్పుడు పెట్టెకి అప్పగించక ఏం చేస్తానురా అన్నాడు."

ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహం చూడలేక నేను పళ్లెం తీసుకుని లోపలికి పోయాను.

సోమవారం పొద్దున్నే పరీక్షగా నా చేత ఒక కీర్తన పాడించి పట్టాడు. తిరిగి వినిపిస్తే నా గొంతు వెనక గొరగొరమంటూ ఒకటే రొద.

"నేను పాడుతుంటే పక్కన ఎవత్తో కొబ్బరి కోరుతున్నట్టుందేమిట్రా?" అన్నాను.

"కోరట్లేదు వదినా. మధ్యలో చిప్పకు తగిలిన చప్పుడు కూడా ఉంది, విను" అని పెట్టె విప్పాడు.

కంప్యూటరు మెదడు మీద ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. మెదడు వేడెక్కకుండా గాలి తోలడం దాని పని. రొదంతా దానిదే. వాడు కుంచెతో రెక్కల మీది దుమ్ము దులిపాడు. మరలు బిగించాడు. పాత రబ్బరు చెప్పు కోసి, చిన్న ముక్కలు ఫ్యాను నాలుగు మూలలా కింద పెట్టాడు. అదురు తగ్గింది. అయినా సన్నగా కీచుమంటూనే ఉంది. ఇరుసు ఎండిపోయిందని, మధ్యలో ఉన్న కాగితం పెచ్చు లేపి కుట్టుమిషను నూనె చుక్క వేస్తే చాలునని అన్నాడు.

ఆ చుక్క దొరకలేదు! సరుకుల ఓడ మూడు వారాలు ఆలస్యం. బికెనిబేవు ఊరి నుంచి బెసో రేవు దాకా బస్సు దిగి ఎక్కి, ఎక్కి దిగి, ప్రతి దుకాణం అడిగాడు. కుట్టుమిషను ఉన్న ప్రతి ఇంటి తలుపూ తట్టాడు. అందరూ ఓడ కోసమే చూస్తున్నారు. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

నేను నా సంచీలోంచి తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా తీసి ముందు పెట్టాను.

"ఇదెందుకు పనికిరాదు? మనం దేనికి వాడం దీన్ని? ఒంటికి, తలకి, దీపానికి, తలుపు బందుకి..."

"వంటనూనె జిగురెక్కుతుంది వదినా. రెండు మూడు నెలలకి పట్టేస్తుంది."

"రెండు నెలల సంగతి రెండు నెలల తర్వాత చూసుకోవచ్చు. మనకి కావలసింది మూడు గంటలు. తర్వాత ఓడొస్తుంది, కడుక్కుని నీ నూనె వేసుకో."

వాడు సీసా వంక చూశాడు, నా వంక చూశాడు. చివరికి పుల్లతో ఒక చుక్క వేశాడు. నేను పక్కనుంచి "ఇంకో చుక్క వెయ్యి, పీనాసీ" అన్నాను. ఇంకో రెండు వేశాడు. నాకు నోరు ఊరుకోదు. అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది.

మంగళవారమంతా కంప్యూటరు పిల్లిలా పనిచేసింది. వాడు నమ్మలేక రెండుసార్లు మూత తీసి టార్చి వేసి చూశాడు. ఫ్యాను హాయిగా తిరుగుతోంది. నా కీర్తన మళ్లీ పడితే నా గొంతు తప్ప ఏమీ లేదు. నేనింత అన్యాయంగా పాడతానని నాకప్పుడే తెలిసింది. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఇక ఏసీ సంగతి. మా ఆఫీసుకి ఏసీ వచ్చి అప్పటికి నాలుగు నెలలైంది. మధ్యాహ్నం ఓ గంట పెట్టేవాళ్లం, అదీ పేరుకే చల్లగా. పాటలు పట్టే వేళ దాన్ని ఆపాలి, అది కూడా రొద చేస్తుంది. కిటికీలు మూయాలి, బయట పిల్లలు. మూడు గంటలు మూసిన గదిలో ముసలాయన ఉడికిపోతాడని నాకు బెంగ పట్టుకుంది. అందుకని మంగళవారం సాయంత్రం ఇంటికి పోతూ, కంప్యూటరు ఆపి, ఏసీ మీట పదహారు దాకా తిప్పి, తలుపు తాళం వేసి వెళ్లాను. తెల్లారేసరికి గోడలు కూడా చల్లబడి ఉంటాయి, ఆ చల్లదనం మూడు గంటలు కాస్తుందని నా ఆలోచన. ఎంత తెలివైనదాన్నో కదా!

బుధవారం తలుపు తీస్తే మొహానికి చన్నీళ్లు కొట్టినట్టయింది. బౌరో పళ్లు టకటకమన్నాయి. మామయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమే కోడలా, నన్ను ట్యూనా చేప అనుకున్నావా? ఐసులో పెట్టి సువాకి ఎగుమతి చేస్తావా?" అన్నాడు బొంగురు గొంతుతో.

"పాడు మామయ్యా, పాడితే నువ్వే వేడెక్కుతావు" అన్నాను.

ఇంకో చిక్కు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోనన్నాడు. నేలమీద అప్పగించడు. అప్పటికప్పుడు రెండు బల్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి, పైన చాప పరిచాం. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, కొడుకు భుజం మీద కాలు పెట్టి ఎక్కి కూర్చున్నాడు. తల కప్పుకి జానెడు దూరంలో ఉంది. బౌరో మైకుని కర్రకి కట్టి అంత ఎత్తున నిలబెట్టాడు.

నేను ఏసీ ఆపి కంప్యూటరు పెట్టాను. ఇప్పుడు చెప్పబోయే మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, బౌరోకి కూడా. తెరమీద ఇంగ్లీషులో ఏదో ఒక వరుస వచ్చి ఆగింది, మీట నొక్కితేగానీ కదలనంది. ఆ కంప్యూటరు పొద్దున్నే అలా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. తేదీ తప్పంటుంది, ఇంకోటి లేదంటుంది. నేను చదవలేదు. నొక్కేశాను. తర్వాత మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుంటే, అందులో ఫ్యాను అన్న మాట ఉందనే అనిపిస్తుంది. చదివినట్టే ఉంటుంది. చదవలేదు.

కంప్యూటరు నుంచి కిక్కురుమన్న చప్పుడు లేదు. బౌరో నావైపు తిరిగి ఇంత మొహం చేసుకుని నవ్వాడు.

"విన్నావా వదినా?"

"ఏం వినాలి?"

"అదే!"

వాడు ఆ రోజు మూత తీసి చూడలేదు. ఎందుకు చూస్తాడు? నిన్న వినబడలేదు, ఇవాళా వినబడటం లేదు. నిన్నటిదాకా గొరగొరమంటూ ఉండుంటే, ఇవాళ ఆ రొద లేదేమని వాడి చెవి ఒక్క క్షణంలో పట్టేసేది.

మామయ్య మొదలుపెట్టాడు. మొదటి రెండు పాటలకీ గొంతు గీరుకుంది. మూడో పాటకి ఎక్కడినుంచి వచ్చిందో, ఆ పాత గొంతు, చెట్టుమీది గొంతు వచ్చేసింది. గదిలో పట్టలేదు అది. బౌరో గోడకి ఆనుకుని, మోటారు పక్కన కూర్చున్నట్టే కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ప్రతి పాటా అయిపోగానే వేలు మడుస్తున్నాడు. ముప్పయ్యో పాట దగ్గర తెర నల్లబడింది. నేను చూశాను. కాసేపు ముట్టుకోకపోతే అది నిద్రపోతుంది కదా, అదే అనుకున్నాను. కదిలితే చప్పుడవుతుందని కదల్లేదు.

మామయ్య ఇంకో గంట పాడాడు. నలభై రెండో పాట ఆఖరి చరణానికి గొంతు దారమంత సన్నమైపోయింది. తెగకుండా దాన్ని చివరిదాకా లాక్కొచ్చి, ఆపి, మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు.

బౌరో కళ్లు తుడుచుకుంటూ వచ్చి మీట నొక్కాడు. తెర వెలగలేదు. పెట్టెమీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. మూత విప్పాడు. మాడువాసన గుప్పున వచ్చింది. వేలితో రెక్కని తోస్తే అది బద్ధకంగా అరచుట్టు తిరిగి నిలిచిపోయింది. లోపలి తీగచుట్ట కదలబోయి కదల్లేక మాడిపోయింది. మెదడు వేడెక్కి పెట్టె తనంతట తనే ఆరిపోయింది. పాట ఆపి మీట నొక్కితేనే దాచుకునే రకం అది. మామయ్య ఆపకూడదన్నాడని మేము ఎక్కడా నొక్కలేదు. మొదటి పాట నుంచీ ఒక్కటీ లేదు.

ఎందుకు పట్టేసిందో ఇద్దరికీ అర్థం కాలేదు. నేను సొరుగులోంచి కొబ్బరినూనె సీసా తీశాను. తెల్లగా ఉంది. అందులో నూనె లేదు, ఎవరో మైనం నింపి పెట్టినట్టుంది. బౌరో దాన్ని తలకిందులు చేశాడు. బొట్టు కూడా జారలేదు. మా దీవిలో చలికాలమనేది లేదు. మా అమ్మ చూడలేదు, అమ్మమ్మ చూడలేదు. ఇన్ని కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పెరిగిన మాకు కొబ్బరినూనె గడ్డకడుతుందని తెలీదు!

వాడు ఇరుసు వంక చూశాడు, ఏసీ వంక చూశాడు. సీసాకి మూత బిగించి నా చేతికిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పైనుంచి గాలిలాంటి గొంతు వచ్చింది. "పట్టిందా?"

బౌరో తలెత్తాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను, చెప్పెయ్యమనో చెప్పొద్దనో నాకే తెలీదు.

"పట్టింది నాన్నా. అంతా పట్టింది."

"వినిపించు."

"ఇప్పుడు కాదు. నువ్వు తిరిగొచ్చాక. మనేబా సావిట్లో ఊరందరినీ కూర్చోబెట్టి వినిపిస్తాను."

మామయ్య నవ్వాడు. కొడుకు తలమీద చెయ్యి పెట్టాడు. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆ తలమీద ఆ చెయ్యి పడగా చూడలేదు.

బయటికొచ్చాక వాణ్ణి పట్టుకుని కడిగేశాను. "అబద్ధమెందుకు ఆడావురా? ఇంకో పూట ఉంది కదా!"

"ఆ గొంతు విన్నావా నువ్వు? నిజం చెబితే మళ్లీ ఎక్కి కూర్చుంటాడు వదినా. రక్తం కక్కుకుంటూ పాడతాడు. ఆయన సంగతి నాకు తెలుసు" అన్నాడు.

రెండు నెలలకి మామయ్య తిరిగొచ్చాడు. మెడకి గుడ్డ కట్టి ఉంది. గొంతులో చిన్న కంత, అందులోంచి ఊపిరి. మనిషి చిక్కిపోయాడు గానీ కళ్లలో సంబరం. విమానం దిగగానే తన చెవి చూపించి, బౌరోని చూపించాడు. వాడు ఇవాళ కరెంటు లేదన్నాడు, రేపు ఓడొస్తుందన్నాడు, ఎల్లుండి మైకు పాడైందన్నాడు. మూడు వారాలు అలా నెట్టాడు. చెట్టుకింద కూర్చుని మోటార్లు విప్పడం మానేశాడు. తిండి మానేశాడు. చివరికి మనేబాలో పెద్దలు రోజు ఖాయం చేసేసరికి ఇక దాగలేదు.

నేను అన్నం, చేప పట్టుకెళ్లిన వేళకి తండ్రీకొడుకులు చాపమీద ఎదురెదురుగా ఉన్నారు. బౌరో అంతా చెప్పేశాడు. నూనె, చలి, తెర, అబద్ధం. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. నూనె నేనే వేశానన్నాడు, చలి సంగతి నేనే చూసుకోలేదన్నాడు. నేను గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. నేనిచ్చానని, నేను తిప్పానని, నేను నొక్కేశానని అనడానికి నాకు నోరు పెగల్లేదు. ఎప్పుడూ ఆగని నోరు!

మామయ్య వేలెత్తి కొడుకు నోరు చూపించాడు.

"నాకు రావు నాన్నా. నువ్వు నేర్పలేదు కదా."

మళ్లీ అదే వేలు.

బౌరో పాట మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు చెట్టుకింద కూర్చుని తల వంచుకుని విన్నది బయటికొచ్చింది. ఆ గొంతు తండ్రిదే. మామయ్య చాపమీద అరచేత్తో తాళం వేయసాగాడు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మూడు చరణాలు అయ్యాయి. నాలుగో చరణంలో చెయ్యి ఆగిపోయింది.

బౌరో వెనక్కెళ్లి ఇంకోలా పాడాడు. చెయ్యి అడ్డంగా ఊగింది. ఇంకోలా పాడాడు. కాదు. పైకెత్తి పాడాడు, కిందికి దించి పాడాడు. కాదు, కాదు. మామయ్య ముందుకి వంగి నోరు తెరిచాడు. మెడ గుడ్డలోంచి ఉస్సుమని గాలి వచ్చింది, అంతే. రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నించాడు. తర్వాత పక్కనున్న నోటుపుస్తకం లాక్కుని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి కొడుకు ఒళ్లో పెట్టాడు.

బౌరో చదివి దాన్ని నాకందించాడు. "నేలమీదే నేర్పాల్సింది నీకు. తప్పు నాది," అని ఉంది.

బౌరో మొహం తుడుచుకున్నాడు. "నాలుగో చరణం మళ్లీ పాడనా నాన్నా?" అన్నాడు.

మామయ్య తలూపి చెయ్యి చాపమీద పెట్టాడు. బౌరో మొదటి నుంచి అందుకున్నాడు. చెయ్యి తాళం వేసింది. నాలుగో చరణంలో, అక్కడే, మళ్లీ ఆగింది.